మారడం ఆగేదాకా

ఆగే అవకాశమే లేని ప్రోగ్రాం ముందు, ఇవాళో రేపో ఆగకపోతుందా అని రెండు రోజులు కూర్చున్నవాణ్ణి నేను. పొయ్యి వెలిగించకుండా పాలు పొంగుతాయని గిన్నె దగ్గర నిలబడేవాడు నాకంటే నయం. వాడికి కనీసం పాలైనా మిగులుతాయి.

అప్పట్లో తార్నాకలో గది, క్యాంపస్‌లో పరిశోధన. ఇతరులు రాసిన ప్రోగ్రాంను నడపకుండానే చదివి, ఎక్కడైనా సున్నాతో భాగించబోయి కుప్పకూలే ప్రమాదం ఉందేమో చెప్పే ప్రోగ్రాం రాయడం నా పని. ప్రతి లైను పక్కన ‘ఇక్కడ ఈ సంఖ్య సున్నా కావచ్చు’ అని గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ఒక లైను గుర్తు మారితే తర్వాతి లైనుదీ మారవచ్చు. లూప్, అంటే అవే లైన్లు మళ్ళీ మళ్ళీ నడిచే చోటు, ఉంటే మళ్ళీ మొదటికి. అందుకని రౌండ్లు కొడుతూ ఉండాలి. ఒక రౌండంతా ఏ గుర్తూ మారకపోతే ఆగాలి. ఆ మారని స్థితినే స్థిరబిందువు అంటారు. నా దగ్గర స్థిరంగా ఉన్నది నా కుర్చీ ఒక్కటే.

సోమవారం రివ్యూ కమిటీ. కిందటి రివ్యూలో నా పేరు పక్కన ‘సంతృప్తికరం కాదు’ అని రాశారు. రెండోసారీ అదే రాస్తే రిజిస్ట్రేషన్ రద్దు. నేను తెర మీద రౌండ్ల అంకె పెరగడం చూస్తున్నాను.

ల్యాబ్‌లో పక్క కుర్చీ ఒక సీనియర్‌ది. నల్గొండ వైపు రైతుల ఇంటి నుంచి వచ్చినవాడు. డిపార్ట్‌మెంట్ హాజరు శాతాలు లెక్కగట్టే ప్రోగ్రాం ఆయన రాసిందే. అది ఏటా మే నెలలో ఒకసారి చచ్చిపోయేది. “ఎండకు మిషన్ వేడెక్కుతది తమ్మీ, ప్రోగ్రాంల ఏం తప్పు లేదు,” అనేవాడు. అందరం నమ్మేవాళ్ళం. ఎండ నిజమే కదా.

“ఏం తమ్మీ, ఎన్నో రౌండు?”

“నలభై వేలు దాటిందన్నా.”

“నలభై వేల ప్రదక్షిణలా! గుళ్ల అయితే దేవుడే బయటికొచ్చి, గింత తిరుగుడేంది, ఇంటికి పో బిడ్డా అంటుండె.”

ఆ మాట విని మా గైడ్ మేడమ్ లోపలికి వచ్చారు. “ఎన్ని లైన్ల ప్రోగ్రాం మీద నడుపుతున్నావు?”

“పన్నెండు, మేడమ్.”

ఆమె నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. సుద్దముక్క నా చేతిలో పెట్టారు. “కంప్యూటర్ వద్దు. నువ్వు తిరుగు.”

బోర్డు మీద లైనుకొకటి చొప్పున పన్నెండు గళ్ళు గీశాను. లూప్ మొదలయ్యే గడిలోకి రెండు బాణాలు వస్తాయి, పైనుంచి ఒకటి, లూప్ చివరి నుంచి ఒకటి. పై బాణం ‘సున్నా కావచ్చు’ అంది. గుర్తు పెట్టాను. చుట్టి వచ్చిన బాణం ‘సున్నా కాదు’ అంది. గుర్తు తుడిచాను. మళ్ళీ పైనుంచి మొదలు, మళ్ళీ గుర్తు, మళ్ళీ తుడుపు. మూడోసారి అరచేయి ఎత్తగానే ఆమె ఆపారు.

“ఎందుకు తుడుస్తున్నావు?”

“కొత్త కబురు వచ్చింది కదా మేడమ్.”

“వస్తే? పాతది అబద్ధమైందా? రెండు దారులు కలిసే చోట ఇద్దరి మాటా వినాలి. నువ్వు చివర వచ్చినవాడి మాటే వింటున్నావు.”

అనంతపురంలో నా చిన్నప్పుడు పలక తుడవకుండా రెండో లెక్క మొదలుపెడితే వీపు విమానం మోత మోగేది. ఆ శుభ్రతే ఇన్నేళ్ళూ ప్రయాణం చేసి నా ప్రోగ్రాంలోకి వచ్చి కూర్చుంది. కొత్తది రాసే ముందు పాతది చెరిపేయమని నేనే దానికి నేర్పాను.

“ఈసారి తుడవకుండా తిరుగు.”

మొదటి రౌండులో నాలుగు గుర్తులు. రెండో రౌండులో ఇంకొకటి. మూడో రౌండులో ఏమీ లేవు.

“ఇంక కోటిసార్లు తిరిగినా ఇంతే,” అన్నారామె. “గుర్తులు పెరుగుతాయే తప్ప తరగవు. పెట్టడానికి ఉన్న చోట్లు కొన్నే. ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. ఇప్పుడు కిందినుంచి పైకి రా.”

కిందినుంచి వచ్చాను. రౌండ్లు ఎక్కువ పట్టాయి గానీ అవే ఐదు గుర్తులు. సీనియర్‌కు సరదా పుట్టింది. హౌసీ ఆటలోలాగా నోటికొచ్చిన అంకెలు పిలవసాగాడు. “ఏడు! రెండు! పదకొండు! మళ్ళ ఏడు!” ఆ గళ్ళనే ఆ వరసలోనే చూస్తూ పోయాను. ఏ గడినీ వదలకుండా, ఏదీ మారనంతవరకూ. అవే ఐదు. సీనియర్ కూడా పిలవడం మానేసి బోర్డు వైపు చూశాడు.

నడిపితే ఆ లూప్ ఒక్కసారీ తిరగకపోవచ్చు, లక్షసార్లు తిరగవచ్చు, ఎవరికీ తెలియదు. అన్ని నడకల గురించీ, ఇంకా ఎవరూ నడపని వాటి గురించి కూడా, మూడు రౌండ్ల సుద్దగీతలు మాట ఇస్తున్నాయి. ఎటునుంచి వెళ్ళినా ఆ జవాబు అక్కడే ఉంది, మనం రాకముందే వచ్చి కూర్చున్నట్టు. ఆ సాయంత్రం తార్నాక చౌరస్తాలో మెట్రో స్తంభం పక్కన చాలాసేపు నిలబడిపోయాను. ఆటోవాలా “ఎక్కుతవా, ఎక్కవా? ఏదో ఒకటి చెప్పు సార్!” అని కసిరేదాకా.

దిద్దింది ఒక్క లైను. ప్రోగ్రాం మూడో రౌండుకే ఆగింది. అంత తొందరగా ఆగేసరికి చెడిపోయిందేమో అనుకున్నాను.

ఆదివారం దాన్ని పరీక్షించడానికి నిజంగా వాడుకలో ఉన్న ప్రోగ్రాం కావలసి వచ్చింది. సీనియర్‌ని అడిగితే హాజరు ప్రోగ్రాం ధీమాగా ఇచ్చాడు. “చూస్కో తమ్మీ, ఒక్క మచ్చ దొరకదు.”

సోమవారం కమిటీ ముందు నా తెర మీద ఒకే హెచ్చరిక వచ్చింది: నలభై ఒకటో లైను, పనిదినాలు సున్నా కావచ్చు.

“సున్నా ఎట్లా అవుతుందయ్యా?” అన్నారు కమిటీలో ఒక పెద్దాయన.

“లెక్క సున్నాతో మొదలవుతుంది సార్. రోజులు కూడే లూప్ ఒక్కసారీ తిరగకపోతే సున్నాగానే కిందికి దిగుతుంది. దానితోనే శాతానికి భాగిస్తారు.”

“పనిదినాలే లేని నెల ఉంటుందా?”

“మే, సార్. సెలవులు.”

వెనక వరసలో సీనియర్ కుర్చీ కిర్రుమంది. ప్రోగ్రాం ఎవరిదో నేను చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. నా పేరు పక్కన ఈసారి ‘సంతృప్తికరం’ అని మాత్రమే రాశారు.

మర్నాడు అందరికంటే ముందు ల్యాబ్‌కు వెళ్ళి, సీనియర్ మానిటర్ మీద ఒక చీటీ అంటించాను: “అన్నా, నలభై ఒకటో లైనులో ఎండ బాగా ఉన్నది.”