భుజం మీద చెయ్యి

మా ఆయన నన్ను పెట్రోలు బంకులో మర్చిపోయి వెళ్లిపోయారు.

సీటు ఎత్తితేగానీ పెట్రోలు పోయడానికి వీల్లేని స్కూటరు మాది. ఎల్‌బీ నగర్‌లో ఇంటి నుంచి, దిల్‌సుఖ్‌నగర్‌లో నేను జువాలజీ చెప్పే కోచింగ్ సెంటర్‌కి రోజూ ఆయనే దింపుతారు. ఆ రోజు కొత్తపేట దగ్గర బంకులో దిగి, కొంగు సర్దుకుని తిరిగేసరికి బండి రోడ్డెక్కేసింది. "ఏవండీ!" అని అరిచాను. హెల్మెట్ లోపలికి ఏం వినిపిస్తుంది, నా మొహం!

పెట్రోలు పోసే అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. "సార్ పోయిండు గదా అక్కా! పరేషాన్ గాకు, జర ఆగు. ఒస్తడు."

ఆగడం నా వల్ల కాలేదు. నా ఫోను ఉన్న బ్యాగు కూడా బండి హుక్కుకి వేలాడుతూ వెళ్లిపోయింది. ఆ అమ్మాయి ఫోన్లోంచి చేస్తే ఆయన ఎత్తలేదు. రోడ్డు దాకా వెళ్లడం, వెనక్కి రావడం. ఎదురొచ్చే ప్రతి స్కూటరూ మాదే అనిపిస్తోంది. ఇన్నేళ్లుగా వెనక కూర్చునే మనిషిని, ఉన్నానో లేదో కూడా తెలియదా? ఇదేదో మతిమరుపు జబ్బైతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఛీ, ఏం మనిషిని నేను!

చివరికి చెమటలు కక్కుతూ వచ్చారు. "దిల్‌సుఖ్‌నగర్ దాకా నీతో మాట్లాడుతూనే ఉన్నాను. దిగమని చూస్తే నువ్వు లేవు!"

"బరువు తెలియలేదా?"

"నీ చెయ్యి భుజం మీదే ఉందే! ఒట్టు, తెలుస్తూనే ఉంది."

నమ్మాను. అదే నా కడుపు మండించింది. ఏటా పిల్లలకి చెప్పే పాఠమే కదా! గాజు వేసుకున్న కాసేపటికి చర్మం దాని ఊసెత్తదు. రోజూ ఉండేదాన్ని మెదడు ఉన్నట్టే అనుకుని పని కానిచ్చేస్తుంది. అందుకే లేని మెట్టు మీద కాలు వేసి తూలతాం. అది చెప్పినప్పుడు క్లాసంతా నవ్వుతుంది, నేనూ నవ్వుతాను.

"అయితే నేను లేకపోయినా మీకు ఉన్నట్టే ఉంటుందన్నమాట."

"అంతేగా మరి!" అన్నారు సంబరంగా. మెచ్చుకున్నాననుకున్నారు పాపం.

ఎక్కి కూర్చుని, బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాను. దారంతా ఆయన క్షమాపణలు చెబుతూనే ఉన్నారు. కోచింగ్ సెంటర్ ముందు బండి ఆపి, నవ్వుతూ వెనక్కి తిరిగారు.

"బాగా భయపడ్డట్టున్నావు. ఇవాళ భుజం ఎంత గట్టిగా పట్టుకున్నావో!"

నా రెండు చేతులూ ఇంకా బ్యాగు మీదే ఉన్నాయి.