పాత హాలీవుడ్ టైపిస్టులూ, నేనూ

ఆదివారం మధ్యాహ్నాలు జంషెడ్‌పూర్‌లో, మాంగో అనే పేటలోని నా అద్దె గదిలో ఫోన్‌లో పాత హాలీవుడ్ సినిమాలు చూడటం నాకు అలవాటు. నలుపు తెలుపువి, సినిమాకి అప్పుడప్పుడే మాటలొచ్చిన కాలానివి. వాటిలో ఆఫీసు ఉందంటే, యజమానిని మూగగా ప్రేమించే టైపిస్టు పిల్ల ఉండి తీరాలి. ఆయన ఇంకొకామెకి పూలు పంపమని ఈమెకే పురమాయిస్తాడు. పంపుతుంది. చివరికి కళ్ళజోడు తీసి, జుట్టు విప్పితే తప్ప ఆయనగారి కంట్లో పడదు. పడ్డాక పెళ్ళి, ఉద్యోగానికి నీళ్ళు. అంత పనిమంతురాలు పోతే ఆ ఆఫీసు ఏమైపోయిందో ఏ సినిమా చెప్పదు. నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా చూసేదాన్ని. గదిలో ఇంకో గొంతు వినబడాలి కదా.

నేను పనిచేసే కాంట్రాక్టరు ఆఫీసులోనూ ఏం తక్కువలేదు. మీటింగంటే టీ ఫ్లాస్కు నా ముందుకే వస్తుంది, నా తర్వాత చేరిన మగాళ్ళు వరసగా కూర్చునున్నా సరే. ఎదురు సీటతను ఒక్కడే లేచి తన టీ తనే పోసుకునేవాడు. ఆ మాత్రానికే నేను పడిపోయాను. ఎంత కరువులో ఉన్నానో చూడండి.

అతనూ తెలుగువాడే. పుట్టి పెరిగింది ఇక్కడే, తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. మొన్న చలికాలం శ్రీకాకుళం అమ్మాయితో సంబంధం కుదిరింది. ఆమెకి హిందీ రాదు. కుర్చీ లాక్కుని నా పక్కకొచ్చి కూర్చున్నాడు, ఇన్నాళ్ళలో మొదటిసారి.

"మీకు తెలుగు బాగా వచ్చు కదా. ఫోన్లో తనతో క్యా బాత్ కరూఁ, కొంచెం నేర్పండి."

కాదనలేకపోయాను. ఆ కాసేపైనా నా పక్కన ఉంటాడని ఆశ. రోజూ లంచ్ టైములో పాఠం. గదమాయించినట్టు కాదు, మెల్లిగా అడగాలని చెప్పాను. నన్ను ఎలా అడిగితే బాగుంటుందో అలాగే నేర్పాను.

ఒకరోజు నావైపు తిరిగి, గొంతు తగ్గించి, ప్రాక్టీసుగా అన్నాడు.

"అన్నం తిన్నావా? ఒక్కదానివే ఏటి చేత్తన్నావు?"

అమ్మ పోయాక నన్నెవరూ అడగని మాట. కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇంకా తినలేదు. ఊరికే కూకున్నాను," అన్నాను. నిజమే చెప్పాను.

అతను తలూపాడు. "ఠీక్ హై. ఆమె అలాగంటే, నేనేటనాలి?"

'నువ్వు తింటేగానీ నేను తినను' అనమన్నాను. సరిగ్గానే అన్నాడు. అయినా మళ్ళీ అనమన్నాను.