వంటింటి మెట్టు నుంచి పదకొండు అడుగులు

పాత ఇళ్లు పడగొట్టి కలప అమ్ముకునే మనిషి ఒకడు దొరల బంగళా తలుపు మీద వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. లోపల ఎవరో పలుకుతారని కాదు, టేకు గట్టిదో కాదో తెలుసుకోవడానికి.

"ఏందన్నా, తలుపు తీయమంటావా?" అన్నాను.

"నీకెందుకుమ్మా శ్రమ? వచ్చే వారం మేమే ఊడబెరుక్కోని పోతాం గదా," అని నవ్వాడు.

విడవలూరు వైపు, ఉప్పుగాలి తగిలే మా ఊళ్లో ఒకప్పుడు మిషనరీ దొరలు కట్టుకున్న బంగళా అది. వాళ్లు వెళ్లిపోయాక ఖాళీగానే ఉంది. పేరు పెట్టకముందే పోయిన బిడ్డలను మా చర్చి సంఘం వాళ్లు సమాధుల తోటలో కాక, ఆ బంగళా పెరట్లో పూడ్చేవారు. నా తొలిచూలు ఆడపిల్ల అక్కడే ఉంది. ఒక్కరోజు బతికింది. రాయి పెడదామంటే మా అత్త ఒప్పుకోలేదు.

"ఇంత బంగళా ఉండగా వేరే గుర్తెందుకుమ్మా? వంటింటి మెట్టు కాడి నుంచి పదకొండు అడుగులు, గోరింట చెట్టు దిక్కుకి. బంగళా యాడికి పోద్ది?" అంది.

ఇక్కడి తల్లులందరం అలాగే అడుగులు గుర్తుపెట్టుకున్నాం.

నేను కాలేజీలో చరిత్ర చదివాను. మధ్యయుగాల్లో ఇంగ్లండు బిషప్పులు ఉన్న భవనాలు చాలావరకు ఇప్పుడు లేవని, వాటి రాళ్లు ఊరివాళ్ల గోడల్లో కలిసిపోయాయని, ఎండాకాలం గడ్డి ముందుగా ఎండిన చోట పునాదుల గీతలు తేలతాయని పరీక్షలో రాశాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ గోడల పక్కన ఎవరు ఏం దాచుకున్నారోనని మాత్రం నాకు తోచలేదు.

పాస్టరుగారి దగ్గరికి పరిగెత్తాను. "స్థలం అమ్ముడైపోయిందమ్మా, నా చేతిలో లేదు," అన్నారు, తలెత్తకుండా.

కనీసం ఒక రాయైనా పాతిరావాలనుకున్నాను. ఆ సాయంత్రమే మా చిన్నవాడికి జ్వరం కాసింది. వారం పైగా నెల్లూరు ఆసుపత్రిలో ఉండిపోయాం. తిరిగొచ్చేసరికి బంగళా లేదు, మెట్టు లేదు, గోరింట లేదు. నేలంతా గ్రావెల్ పోసి చదును చేశారు. అడుగులు వేద్దామని నిలబడ్డాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియలేదు.

మా అత్త నా వెనకే వచ్చింది. "నేనే చెడగొడితినమ్మా," అని ఆ గ్రావెల్ మీదే కూలబడింది.

మర్నాడు పొద్దున తలలు దువ్వుతూ పిల్లలిద్దరికీ మొదటిసారి చెప్పాను, మీకంటే ముందు ఒక అక్క పుట్టిందని.

"యాడుందిమా?" అంది పెద్దది.

"బంగళా ఉన్న చోటే యాడో ఉందమ్మా. ఇదిగో ఇక్కడని నేను మీకు చూపించలేను."