ఆగని నాడె

మా మేనమామ ఇక లేడు. బీచుపల్లి దగ్గర కృష్ణలో దిగాడనీ, వరద లాక్కుపోయిందనీ పోయిన నెల కబురొచ్చింది. గద్వాలలో ఆయన నేసిన చీర తెలిసినవారు చాలామంది. ఆయన జబ్బు తెలిసినవారు తక్కువ. అందుకే రాస్తున్నాను.

కొన్ని నెలలు ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, ఒక్క పోగూ వేయకుండా పొద్దంతా కూర్చునేవాడు. ఇంకొన్ని నెలలు నిద్ర ఉండదు, ఆకలి ఉండదు, మాట ఆగదు. అప్పుడు "బాగైండు" అని మేం సంబరపడేవాళ్లం. రెండూ ఒకే జబ్బని కర్నూలు దవాఖానలో చెప్పాకే తెలిసింది. రోజూ మాత్రలు, అప్పుడప్పుడు రక్తపరీక్ష. తగ్గిందని ఆపకూడదు.

"నేను ఏడిస్తే గాదు కోడలా, మస్తు నవ్వితే భయపడు" అనేవాడు మామ.

మా చీరకు నడుమ నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట పోగులు మెలివేయడానికి పక్కన ఇంకొకరు కూర్చోవాలి. అత్త కూర్చునేది. అడ్డపోగును మోసుకుంటూ ఆమె నాడె వచ్చేదాకా మామ నాడె ఆగాలి. ఆగడం మానేస్తే అత్త వెంటనే చెప్పులేసుకునేది.

"నడువు, కర్నూలు పోదం."

"నా చెయ్యి ఉరికితే నీకేం కడుపునొప్పే?" అని తిడుతూనే మామ బస్సెక్కేవాడు.

ఈ వానకాలం తల్లికి జ్వరమని అత్త గోపాల్‌పేట పోతూ, కాలేజీ మాన్పించి నన్ను తన చోట కూర్చోబెట్టింది. "మాత్రలు నీ కండ్ల ముందల మింగియ్యి. నీ కోసం ఆగుతలేడంటే కార్డు రాయి."

ఆయన ఆగే అవసరం నేను రానివ్వలేదు. మూడో రోజుకే ఆయన వేగం అందుకున్నాను. "శభాష్ కోడలా! మీ అత్త కంటే నువ్వే నయం" అంటే పొంగిపోయాను. "కృష్ణమ్మను పడుగు జేసి, ఎండను పేకగ ఏస్త" అన్నాడు. ఎంత బాగుందో అనుకుని నోటుబుక్కులో రాసుకున్నాను. మాత్రలు "ఏసుకున్న" అంటే నమ్మాను. కార్డు మాత్రం రాయలేదు. ఆరో రోజు పొద్దున, అవతలి గట్టుకు ఈదొస్తానని నాకు చెప్పే వెళ్లాడు.

అత్త నన్ను తిట్టలేదు. "నాకే గుర్తువట్టనీకె ఏడేండ్లు వట్టింది. నీకు ఆరు దినాలల్ల ఎట్ల తెలుస్తది బిడ్డా" అంది.

అప్పటికి మామ పదో రోజు ఇంకా కాలేదు. వీధి చివరి ఇంటావిడ పలకరించడానికొచ్చి, తన పెద్దకొడుకు నాలుగు దినాలుగా కన్ను మూయలేదని చెప్పింది. "గానీ మస్తు హుషారుగున్నడు వదినా."

అత్త లేచింది. గడప దాటొద్దని పెద్దవాళ్లు అరిచారు.

"పోయినోడు పోయిండు. ఉన్నోన్ని తీస్కపోత."

కర్నూలు బస్సు కిటికీలో అతను చేతులాడిస్తూ, పకపకా నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. అత్త నవ్వడం లేదు. అతని మణికట్టు గట్టిగా పట్టుకుని, ప్రతి మాటా వింటోంది.