రెండో సెలైన్ సీసా

శవాల గదికి తాళం వేసి వచ్చి, చేతులు కడుక్కుని అన్నం తిన్నదాన్ని నేను. దయ్యాలని ఎవరైనా అంటే నవ్వేదాన్ని. ఇప్పటికీ నమ్ముతానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది పెద్దపల్లి. నర్సు శిక్షణ అయ్యాక, పందొమ్మిది వందల అరవైల మొదట్లో, నన్ను ఖానాపూర్ వైపు ఒక చిన్న సర్కారు దవాఖానాలో వేశారు. ముగ్గురు నర్సులు ఉండాల్సిన చోటు. ఒకామెకు బదిలీ అయింది, ఆ ఖాళీ నింపలేదు. ఇంకొకామె కాన్పుకు సెలవు పెట్టింది. మిగిలింది నేను, ఆయా జైనబీ. ఇరవై మంచాలు, వానాకాలంలో వరండాలో చాపలు కూడా. నెల రోజులుగా కంటినిండా నిద్ర లేదు.

ఆ రోజు డాక్టరు గారు కలరా సూదులు వేయడానికి ఊళ్లకు వెళ్లారు. మధ్యాహ్నం కావస్తుండగా లచ్చవ్వ అనే ఆమె, పదహారేళ్ల కూతురు సత్తెమ్మను లారీలో తెచ్చింది. వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి, గోళ్లు నీలంగా మారాయి. ముందు నిర్మల్‌లో ప్రైవేటు డాక్టరుకు చూపించిందట. కాళ్ల కడియాలు అమ్మితే ఆయన ఫీజుకు, రెండు సెలైన్ సీసాలకు సరిపోయింది. అక్కడ ఉంచే స్తోమత లేక, ఆ సీసాలు ఒళ్లో పెట్టుకుని మా దగ్గరికి వచ్చింది. మా దగ్గర సెలైన్ అయిపోయి మూడు రోజులు.

నాలుగుసార్లు పొడిస్తే గాని నరం దొరకలేదు. పన్నెండు గంటలకు మొదటి సీసా పెట్టాను. అది రెండింటికి అయిపోతుంది. వెంటనే రెండోది మార్చకపోతే సూదిలో రక్తం గడ్డకడుతుంది. ఆ నరం మళ్లీ దొరకదు.

ఒంటిగంటకు కాన్పు కేసు వచ్చింది. బిడ్డ బాగానే పుట్టింది, జైనబీ ఎత్తుకుంది. మాయ పడ్డాక తల్లికి రక్తం ఆగలేదు. ఒక చేయి లోపల, ఒక చేయి పొట్ట మీద పెట్టి గర్భసంచిని నొక్కి పట్టుకున్నాను. పట్టు సడలిస్తే రక్తం. గోడ గడియారం సరిగ్గా నా ఎదురుగా ఉంది.

"జైనబీ, రెండయితాంది. గా పిల్ల సీసా..."

"నాకు మార్చరాదు సిస్టరమ్మా. నేను పోతే గీ బిడ్డనెవరు పట్టుకోవాలె?"

రెండు దాటింది. రెండున్నర దాటింది. చేతులు మొద్దుబారాయి. నా మనసంతా పక్క వార్డులోనే ఉంది.

మూడున్నరకు రక్తం ఆగింది. చేతులు కూడా కడుక్కోకుండా పరుగెత్తాను.

సత్తెమ్మకు రెండో సీసా ఎక్కుతోంది. అప్పటికే సగానికి పైగా అయిపోయింది. చుక్క చుక్క సరిగ్గా పడుతోంది. ఖాళీ సీసా మంచం కింద నిలబెట్టి ఉంది.

"ఎవరు మార్చిండ్రవ్వా?"

లచ్చవ్వ నా చేతుల రక్తం చూసి బెదిరింది. "నువ్వే గదా సిస్టరమ్మా! గంట సేపటి కింద నువ్వే వచ్చి మార్చినవ్. పిల్ల చెయ్యి కదలనియ్యకుమని నన్ను గదిమినవ్ గూడ."

పక్క మంచం ముసలాయన కూడా అదే అన్నాడు. మంచానికి కట్టిన కాగితం చూశాను. రెండు గంటల పది నిమిషాలకు రెండో సీసా పెట్టినట్టు రాసి ఉంది. అక్షరాలు నావి. సంతకం నాది. మోచేతుల దాకా రక్తంతో ఉన్నాను నేను. కాగితం మీద ఒక్క మరక లేదు.

నేను కాన్పు గది దాటలేదని జైనబీ అల్లా మీద ఒట్టేసి చెప్పింది. సాయంత్రం వచ్చిన డాక్టరు గారు, "బాగా అలిసిపోయినవమ్మా. పోయి మార్చి, మరిచిపోయినవ్," అన్నారు. ఇంకో నర్సును పంపమని నేను పెట్టుకున్న అర్జీకి, పని నడుస్తూనే ఉంది కదా అని పైనుంచి జవాబు వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం, నా సంతకం ఎక్కడ కనిపించినా ఆగి మళ్లీ చూసేదాన్ని. ఇది నేను పెట్టిందేనా?

నాలుగో రోజు సత్తెమ్మ లేచి నడిచింది. ఇంటికి పోయేటప్పుడు లచ్చవ్వ నన్ను పక్కకు పిలిచింది.

"ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు బిడ్డా. గా దినం సీసా మార్చుకుంట అంతగనం ఎందుకేడ్చినవ్?"

నేను ఆ రోజు ఏడవలేదు. ఏడ్చే తీరిక లేదు నాకు. ఊరికే తల ఊపాను. ఆ ఏడ్చింది ఎవరో ఈనాటికీ నాకు తెలియదు.