పాకం బల్ల దగ్గర లినేయా

లినేయాకి తెల్లవారకముందే మెలకువ వచ్చేసింది. ఫైర్ స్టేషన్‌లో పాన్‌కేకుల ఫలహారం ఆరోజే. మిన్నెసోటాలోని ఆ చిన్న ఊళ్ళో ఏటా హైస్కూలు సేవా క్లబ్బు పిల్లలే వండి వడ్డిస్తారు. వచ్చిన డబ్బుతో పేదవాళ్ళకి సరుకులు కొంటారు. ఆరోజు పని చేసినవాళ్ళకే క్లబ్బులో సభ్యత్వం.

లినేయాకి ఆటిజం. నలుగురు ఒకేసారి మాట్లాడితే మాటలన్నీ వడగళ్ళలా మీద పడతాయి. అయినా ఆ సభ్యత్వం కావాలి. చిన్నప్పటినుంచీ అందరూ తనకి సాయం చేసేవాళ్ళే. తను ఎవరికీ ఏమీ చేసింది లేదు.

"వద్దనుకుంటే మానేయ్ తల్లీ, ఎవరూ ఏమీ అనుకోరు," అంది వాళ్ళమ్మ కారు ఆపుతూ.

"నేను అనుకుంటానుగా," అని లినేయా చెవులకి చప్పుడు తగ్గించే మఫ్‌లు పెట్టుకుని దిగింది.

లోపల మాడిన వెన్న వాసన, కుర్చీలు ఈడ్చే చప్పుడు. లినేయాకి పాన్‌కేకులమీద పాకం పోసే బల్ల ఇచ్చారు. తోడుగా కొరిన్ అనే అమ్మాయిని పెట్టారు. లినేయా జగ్గు ఎత్తబోతే, "బరువు, నేను పోస్తాలే," అని కొరిన్ లాక్కుంది. తర్వాత కుర్చీలో చేరగిలబడి ఫోను చూసుకుంటూ కూర్చుంది.

"ఏం మహారాణీ, నా చేతులు కాలిపోతున్నాయిక్కడ," అన్నాడు పెనం దగ్గరున్న డెక్స్ అనే కుర్రాడు.

"నేనూ డ్యూటీలోనే ఉన్నా బాబూ. ఈ పిల్ల పక్కన కూర్చున్నంతసేపూ నాకు సేవా గంటలే. పట్టాలిచ్చే రోజున, గంటలు నిండినవాళ్ళకి వేసే ఆ బంగారురంగు తాడు నా మెడలో పడాలిగా."

మఫ్‌లు ఉంటే వినపడదనుకున్నారు. అవి హోరునే తగ్గిస్తాయి. పక్కవాళ్ళ మాట వినపడుతూనే ఉంటుంది.

లినేయా జేబులోంచి ఫోను తీసింది. అమ్మకి ఫోను చేస్తే వచ్చి తీసుకెళుతుంది. మళ్ళీ జేబులో పెట్టేసింది. అడగాల్సిన మాట పెదవులమీదే కూడబలుక్కుంటూ, పళ్ళు కోస్తున్న ప్రూయిట్ టీచర్ దగ్గరికి వెళ్ళింది. క్లబ్బు చూసేది ఆవిడే.

"మేడమ్, నేనిక్కడ సేవ చేస్తున్నానా? కొరిన్ చేసే సేవ నేనేనా?"

"అదేం మాటమ్మా..." అనబోయి ఆవిడ కత్తి కింద పెట్టింది. "గంటలు ఇద్దామన్నది నేనే. నీకు మంచిదనుకున్నాను."

"డెక్స్ పక్కన కూర్చున్నా ఇస్తారా?"

ఆవిడ చేతులు తుడుచుకుంది. కొరిన్‌ని పిలిచి గిన్నెలు కడగమంది.

"మీరు చెప్పిందేగా చేశాను మేడమ్," అంది కొరిన్ ముఖం ఎర్రబడి. లినేయా పక్కనుంచి వెళుతూ, "బాగా ఇరికించావు తల్లీ," అని గొణిగింది.

సోమవారం బడిలో కొరిన్ తనని పలకరిస్తుందా? అందరికీ చెబుతుందా? లినేయా బల్ల దగ్గరికి వచ్చింది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. చర్చి నుంచి వచ్చినవాళ్ళతో హాలు నిండిపోతోంది.

టోపీ పెట్టుకున్న ముసలాయన బల్లమీద తట్టాడు. "ఏమ్మాయ్, జగ్గు ఖాళీ. ఎంతసేపు నిలబడాలి?"

ప్రూయిట్ టీచర్ అటు ఒక అడుగు వేసి ఆగిపోయింది. మళ్ళీ పళ్ళ వైపు తిరిగింది.

"తెస్తానండీ," అంది లినేయా.

నిండు జగ్గు రెండు చేతులా పట్టుకొచ్చి పోసింది. కొంచెం బల్లమీద ఒలికింది. ముసలాయన దాన్ని చూశాడు, లినేయాని చూశాడు.

"గుడ్డ తెచ్చి తుడువు. ఆ చివరి బల్లకీ అయిపోయింది, అటూ పట్టుకెళ్ళు."

లినేయా గుడ్డ వెతుక్కుంటూ వెళ్ళింది.