అమ్మ అడిగిన ఇంగ్లీషు

మా నాన్న తాండూరులో ఒక బండల గని దగ్గర లెక్కలు రాసే మున్షీ. ఉర్దూ బాగా వచ్చు. నిజాం పాలన పోయి, ఇక ఉర్దూతో పని నడవదని అందరూ అంటున్న రోజుల్లో ఆయన మాత్రం ఫార్సీ మీద మనసు పారేసుకున్నాడు. ఒక సాయంత్రం వాకిట్లో చాయ్ తాగుతూ, "పరాయి దేశం భాష ఒక్కటి నేర్సుకోవాలె అంటే ఏది నేర్సుకుంటరు?" అని అందరినీ అడిగాడు. గోడ అవతలి నుంచి పక్కింటి ఖాలా అరబ్బీ అంది. ఖురాన్ రోజూ చదివేదే, అర్థం కూడా తెలిస్తే ఇంకా బాగుంటుందట.

"నాకు ఇంగ్లీషు" అంది లోపలి నుంచి అమ్మ.

నాన్న పడీపడీ నవ్వాడు. "ఇంగ్లీషు నేర్సి ఏం జేస్తవ్? కలెక్టరువైతవా?"

అమ్మకు తెలుగు అక్షరాలే రావు. అయినా మరునాటి నుంచి నాకు తిప్పలు మొదలయ్యాయి. బడిలో నా ఇంగ్లీషు ఇంకా పిల్లి, బల్ల దాటలేదు. అమ్మకు పిల్లీ వద్దు, బల్లా వద్దు. జొన్నరొట్టె కొడుతూ, "నొప్పిని ఏమంటరు బిడ్డా? కింద అంటే?" అని అడిగేది. నాకు రాకపోతే పంతులును అడిగి రమ్మనేది. అంత మొండి శిష్యురాలు నాకు మళ్ళీ దొరకలేదు.

అసలు సంగతి వికారాబాదు పోయే రైలులో చెప్పింది. అక్కడి మిషన్ దవాఖానలో విలాయతి డాక్టరమ్మ ఉండేది. ఆమె తెలుగు అంతంత మాత్రం. రోగుల మాట ఆమెకు ఇంగ్లీషులో చెప్పే కంపౌండరుది యాలాల్, అమ్మ పుట్టిన ఊరే. అమ్మను నోరారా "అక్కా" అని పిలిచేవాడు, పోయినప్పుడల్లా చాయ్ తెప్పించేవాడు. తమ్ముడి వరస వాడి ముందు ఆడవాళ్ళ బాధ ఎట్లా చెప్పుకుంటుంది? అంతకుముందు పోయినప్పుడు తలనొప్పి అని చెప్పి, తలనొప్పి మాత్రలే తెచ్చుకుంది.

"ఈసారన్న చెప్పాలె. ఇగ నాతోని అయితలేదు బిడ్డా" అంది. అప్పటిదాకా అమ్మకు నొప్పి ఉందనే నాకు తెలియదు. చాలా భయం వేసింది.

డాక్టరమ్మ గదిలో కంపౌండరు ఎప్పటిలాగే వచ్చి నిలబడ్డాడు.

"తమ్మీ, జర బయటుండు. ఇయ్యాల నేనే మాట్లాడుత" అంది అమ్మ.

ఆయన ఆశ్చర్యంగా నా వైపు చూసి బయటికి పోయాడు. తలుపు నేనే వేశాను.

అమ్మ బడిపిల్లలా చేతులు కట్టుకుని, "పెయిన్" అంది. తర్వాత "బిలో" అంది. మిగతా మాటలు మరిచిపోయింది. నాకూ గుర్తుకు రాలేదు. అప్పుడు అరచేయి పొత్తికడుపు మీద పెట్టి మెల్లగా కిందికి జార్చి చూపించింది. డాక్టరమ్మ లేచి వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. తెర చాటున పరీక్ష చేసి, గర్భసంచి జారిందని, ఆపరేషన్ చేస్తే నయమవుతుందని సైగలతో, ముక్కలు ముక్కల తెలుగుతో చెప్పింది. అమ్మ ముఖం అంత తేలిక పడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది డాక్టరమ్మ.

అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని నా తల మీద చెయ్యి పెట్టింది.

డాక్టరమ్మకు అర్థమైంది. నాకూ అర్థమైంది. ఏడుపు ఆగక అమ్మ కొంగులో ముఖం దాచుకున్నాను.

"నీతోని ఏం గాలె బిడ్డా" అంది అమ్మ, నా జుట్టు సర్దుతూ. "నొప్పి కంటె, ఎవ్వరికి జెప్పుకోలేకనే ఎక్కువ గోసపడ్డ."